రవ్వ తగలనంత మెత్తగా

ఆమెను నేను ఆపా అని, అంటే ఉర్దూలో అక్కా అని పిలిచేదాన్ని. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య, రోడ్డు మీంచి కాస్త లోపలికి ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో మేమిద్దరం ఐదేళ్ళపాటు ఒకే గదిలో పనిచేశాం. మందుపొడి లోపల అణువుల పేర్పును చూపించే ఎక్స్‌రే మిషను నేను నడిపేదాన్ని. ఆ మిషనులో పెట్టే పొడులను ఆమె నూరేది. నా జీవితంలోంచి వెళ్ళిపోయిన మనుషుల్లో చాలామందిని చావు తీసుకుపోయింది. ఆమెను మాత్రం నేనే పోగొట్టుకున్నాను, అదీ నోరు మూసుకుని కూర్చుని. నోరు మూసుకోవడం నాకు చేతకాని పని అని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ ఒక్కరోజే చేతనైంది.

మాది కృష్ణా జిల్లా. తొంభైల మధ్యలో మావారికి దుండిగల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికితే బహదూర్‌పల్లిలో అప్పుడప్పుడే లేస్తున్న ఒక కాలనీలో అద్దెకు దిగాం. మరుసటి ఏడు నాకు ఈ ఫ్యాక్టరీలో పని దొరికింది. పొద్దున్నే గండిమైసమ్మ దగ్గర కంపెనీ వ్యాను ఎక్కితే, దారి పొడుగునా ద్రాక్షతోటలూ, కోళ్ళఫారాలూ, మధ్యమధ్యలో పునాదులు తవ్వి వదిలేసిన ప్లాట్లూ. ఎమ్మెస్సీలో మంచి మార్కులొచ్చినదాన్ని, ఎక్స్‌రే మిషను ముట్టుకున్నదాన్ని అనే పొగరు నాకు తక్కువేమీ లేదు. మొదటిరోజు గదిలోకి అడుగుపెట్టి, ఏది ఎక్కడ ఉండాలో పది నిమిషాలు ఏకధాటిగా చెప్పాను. మూలన స్టూలు మీద కూర్చుని చిన్న రోట్లో ఏదో నూరుతున్న మనిషి అంతా విని, మీ తెలుగు రేడియోల వార్తల లెక్క ఉన్నది మేడం అంది. ఒళ్ళు మండింది. మధ్యాహ్నం అదే మనిషి నా టిఫిన్ డబ్బా మూత రాకపోతే తీసిపెట్టి, తన జొన్నరొట్టెలో సగం విరిచి నా మూత మీద పెట్టింది. ఆ కోపం అక్కడికి సరి.

ఆపావాళ్ళది శామీర్‌పేట అవతల ఒక పల్లె. వాళ్ళ నాన్న సుర్మా చేసి అమ్మేవాడు. మేడ్చల్ అంగడి రోజున నేల మీద గుడ్డ పరిచి, కంట్లో పెట్టుకునే ఆ నల్లటి పొడిని చిన్నచిన్న సీసాల్లో పోసి పెట్టుకుని కూర్చునేవాడట. సుర్మారాయిని గులాబీనీళ్ళు చల్లుకుంటూ రోజుల తరబడి నూరాలి. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ ఆ పని ఆపాదే. రెండు వేళ్ళ మధ్య రుద్దితే ఏమీ తగలకూడదు, ఒక్క రవ్వ తగిలినా మళ్ళీ మొదటినుంచీ నూరించేవాడట వాళ్ళ నాన్న. మనుషుల కళ్ళల్లోకి పోయేదాంట్లో రవ్వ ఉంటే పాపమని ఆయన భయం. ఆమె ఇంటర్ చదివి, ల్యాబులో హెల్పరుగా చేరాక కూడా ఆ భయం చేతిలోంచి పోలేదు. మిగతా ల్యాబుల్లో హెల్పర్లు ఐదు నిమిషాలు తిప్పి ఇచ్చేసే పొడిని ఈమె ముప్పావుగంట నూరేది. అరచేతిలో పట్టే ఆ నున్నటి రాతిరోలును ఎడమచేత్తో గుండెకు ఆనించుకుని, పైనుంచి బలంగా అదుముతూ, ఒకే తీరుగా తిప్పేది. గ్లౌజు వేళ్ళ మధ్య కాస్త పొడి తీసి, కళ్ళు మూసుకుని రుద్ది చూసి, ఇగ పెట్టుకో మేడం అని ఇచ్చేది.

ఎక్స్‌రే పనికి పొడి మెత్తగా ఉండాలని నేను పుస్తకాల్లో చదువుకున్నాను. ఇంత మెత్తగా నూరే మనిషి దొరకడం నా అదృష్టమనుకున్నాను. చేరిన రెండో నెలలో, ఏ పని ఎలా చెయ్యాలో కాగితం మీద పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆపా పక్కన నిలబడి, ఆమె చేతులు చూస్తూ రాసుకున్నాను. ఇంగ్లీషులో రాసిన ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే, 'చేతికి రవ్వ తగలనంత మెత్తగా, అదిమి నూరవలెను.' కింద సంతకం నాది. ఆ ఫైలు నా బీరువాలోకి వెళ్ళింది. అందరికీ తెలిసిన పనే గనుక తర్వాత దాన్ని తెరిచి చూసినవాళ్ళు లేరు.

ఆ ఐదేళ్ళు ఎలా గడిచాయో చెప్పమంటే గొప్ప సంఘటనలేమీ లేవు. శనివారాలు నేను సాయంత్రం వ్యాను ఎక్కకుండా ఆమెతోపాటు షేర్ ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళేదాన్ని. వాళ్ళమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నాకు సగం అర్థమై సగం కాని ఉర్దూలో పలకరించి, చాయ్ ఇచ్చేది. మాకిద్దరికీ పిల్లలు లేరు. ఆపాకు అసలు పెళ్ళే కాలేదు, నాకు అయినా కలగలేదు. కాలనీలో ఆ ప్రశ్న అడగని మనిషి లేదు గానీ ఆపా ఒక్కసారి కూడా అడగలేదు. నేనే ఒకరోజు చెప్పుకుని ఏడిస్తే, ఏడ్చినంతసేపూ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే, పర్మనెంటు కావాలని. మా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు వాళ్ళకు పచ్చ కార్డు, పర్మనెంటు వాళ్ళకు నీలం కార్డు. తొమ్మిదేళ్ళుగా ఆమె మెడలో పచ్చ కార్డే వేలాడుతోంది. ఐదో ఏడు పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో ఆమె పేరు పెట్టించడానికి నేను మూడు ఆఫీసుల చుట్టూ తిరిగాను. పెట్టారు. ఉత్తర్వులు ఉగాది తర్వాత వస్తాయన్నారు. అప్పటినుంచీ ఆపా మరింత జాగ్రత్తగా, మరింతసేపు నూరడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక కొత్త మందు మా ప్రాణం తీసింది.

ఆ మందు ద్రావణాన్ని ట్యాంకులో చల్లారిస్తే పలచని రేకుల్లాంటి స్ఫటికాలుగా వచ్చేది. లోపల అణువులు పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పేర్పు సరిగ్గా ఉంటే ఎక్స్‌రే గ్రాఫులో సన్నని సూదుల్లాంటి గీతలు వరుసగా లేస్తాయి. మాకు కొన్ని మాత్రమే సూదుల్లా వచ్చేవి. మిగతావి ఒక పక్క గోడలా నిటారుగా లేచి, రెండో పక్క మెల్లగా జారిపోయే గుట్టల్లా వచ్చేవి. ఆపాకు గ్రాఫులు చదవడం నేనే నేర్పాను. ఈ గుట్టలెందుకు వస్తున్నాయని ఆమె అడిగితే, మేడ్చల్ రోడ్డు పక్క దుకాణాల్లో పేర్చిన తాండూరు బండలు గుర్తుచేశాను. ప్రతి బండా మంచిదే, రెండు బండల మధ్య ఎత్తూ సమానమే. కాని ఒకటి ఇటు జరిగి, ఇంకొకటి అటు జరిగి, అంచులు కలవవు. ఎత్తును చూపించే గీతలు సూదుల్లానే ఉంటాయి, పక్కలకు ఉండాల్సిన వరసను చూపించే గీతలు చెదిరి గుట్టలవుతాయి. వినీ వినగానే, అయితే బండలు మంచియే, పేర్చినోడే సక్కగ పేర్చలే అంది. నేను నవ్వి, పేర్చేది ట్యాంకు అన్నాను.

అలా గుట్టలున్న పొడి నీళ్ళలో ఒక్కోసారి ఒక్కోలా కరుగుతుంది, అందుకే ఆ మందును గోదాములో ఆపేశారు. కారణం కనిపెట్టే పని నాకు అప్పజెప్పారు. ట్యాంకును మరీ త్వరగా చల్లారుస్తున్నారని, అందువల్ల పొరలు తొందరలో తప్పుగా పేరుకుంటున్నాయని ఇరవై పేజీల రిపోర్టు రాశాను. పుస్తకం ప్రకారం మంచి వాదనే. పెద్ద మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు. ఉత్పత్తి విభాగంలో ట్యాంకు దగ్గర పనిచేసే ఆపరేటరుకు, చెప్పినట్టు చల్లార్చడం లేదని మెమో ఇచ్చారు. అతను చెప్పినట్టే చేస్తున్నానని మొత్తుకున్నాడు. గుట్టలు మాత్రం పోలేదు.

బక్రీదు పండక్కి ఆపా నాలుగు రోజులు సెలవు పెట్టింది. నూరేవాళ్ళు లేక నేనే రోలు పట్టాను. నా మణికట్టుకు అంత ఓపిక ఎక్కడిది? పది తిప్పులు తిప్పి, చాల్లే అని మిషనులో పెట్టేశాను. గ్రాఫు మొత్తం సూదులే. ట్యాంకు బాగుపడిందని, నా రిపోర్టు గెలిచిందని పొంగిపోయాను. ఆపా వచ్చాక, ఆ గ్రాఫు ఆమెకు చూపించి గొప్పలు పోదామని, అదే సీసాలోంచి మిగిలిన పొడి తీసి నూరమన్నాను. ముప్పావుగంట నూరింది. గుట్టలు వచ్చాయి.

స్టూలు మీద కూర్చుండిపోయాను. ఒకే సీసా, ఒకే మిషను, ఒకే గది. మారింది చెయ్యి ఒక్కటే. ఆ రేకులు ఎంత పలచనివంటే, అంత బలంగా అదిమి తిప్పితే పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతున్నాయి. ట్యాంకు సరిగ్గానే పేరుస్తోంది. సుర్మా నూరినట్టు నూరి మేమే చెదరగొట్టి, ఆ చెదిరినదాన్ని మిషనులో పెట్టి, ట్యాంకును తిడుతున్నాం.

నేను అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది, కాని ఆపాకు గ్రాఫు చదవడం నేర్పింది నేనే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అంటే గింతకాలం నా చెయ్యే చెడగొట్టిందా మేడం?"

నీ తప్పు కాదన్నాను. అది నిజమే. అప్పుడే, అక్కడే, అలా నూరమని కాగితం మీద రాసిన తప్పు నాదని కూడా అనాల్సింది. అనలేదు. దానికి బదులు ఒక ఉపాయం చెప్పాను. రేపటినుంచి మెల్లగా నూరు, గుట్టలు వాటంతటవే పోతాయి, ట్యాంకు బాగుపడిందనుకుంటారు, నీ ఉత్తర్వులకు ఇంకో మూడు వారాలే ఉంది, ఈలోగా ఎందుకు అల్లరి అన్నాను. ఆమె మంచి కోసమే చెబుతున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. నా ఇరవై పేజీల రిపోర్టు నా మనసులో ఎంత చోటు ఆక్రమించిందో ఇప్పుడు తెలుస్తోంది. మరి ఆపరేటరు సంగతేంటని ఆపా అడిగింది. అతని మెమో కూడా మెల్లగా మర్చిపోతారన్నాను. ఆమె రోలు కడిగి బోర్లించింది.

ఆ గురువారం మీటింగులో, ఆపరేటరును పనిలోంచి ఆపేద్దామన్న మాట వచ్చింది. పెద్ద మేనేజరు బల్లకు ఆ చివర, నేను ఈ చివర. శాంపిల్ సీసాల ట్రే పట్టుకుని ఆపా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవరూ ఆమెను మాట్లాడమనలేదు. తనే మాట్లాడింది.

"సార్, ట్యాంకుల ఏం తప్పు లేదు. నేను ఎక్కువ నూరిన. గా గుట్టలు నా చేతి వల్లనే వస్తున్నయి."

గదిలో అందరూ నా వైపు చూశారు. ఆమె చెబుతున్నది నిజమేనా అని మేనేజరు అడిగితే, నిజమేనన్నాను. అంతసేపు నూరమని ఎవరు చెప్పారని ఆయన ఆమెను అడిగాడు. ఆపా నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, నేను నోరు తెరవడానికి సరిపోయేంతసేపు చూసింది. నా గొంతులో ఆ వాక్యం తయారుగా ఉంది. అది రాసింది నేను సార్, ఫైలు నా బీరువాలో ఉంది సార్. ఆ వాక్యం బయటికొస్తే నా రిపోర్టు, నా మెప్పు, నెలల తరబడి ఆగిపోయిన మందు, అన్నీ నా నెత్తి మీదికి వస్తాయి. నేను బల్ల మీద నా పెన్ను వైపు చూశాను.

"ఎవ్వరు చెప్పలే సార్. నాకు చిన్నప్పటి సంది అలవాటు" అంది ఆపా.

ఆపరేటరు ఉద్యోగం నిలిచింది. జాబితాలోంచి ఆపా పేరు తీసేశారు. నెలాఖరుకు కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. ఆ మిగిలిన రోజులు ఆమె రోజూ వచ్చింది, మెల్లగా నూరింది, ఆమె చేతి పొడికి సూదుల్లాంటి గీతలు వస్తుంటే నా భుజం మీదుగా వంగి చూసింది. మధ్యాహ్నం రొట్టె విరిచి నా మూత మీద పెట్టింది. ఆమె తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. తిట్టలేదు గనుక ఇంకా టైముందనుకున్నాను. ఆఖరిరోజు సాయంత్రం నేను చెప్పాల్సింది చెప్పకముందే నా వ్యాను కదిలింది.

ఆమె వెళ్ళిన వారానికి నూరే పద్ధతి మార్చి రాయమన్నారు. కొత్త కాగితంలో, మార్పుకు కారణం ఏమిటో రాయాల్సిన గడి ఒకటి ఉంటుంది. అందులో నేను 'పనిచేసే మనిషి అలవాటు' అని రాశాను. మీటింగులో నోరు పెగలలేదని సర్దిచెప్పుకోవచ్చు. ఈ గడి దగ్గర నన్ను ఎవరూ చూడటం లేదు, తొందర పెట్టడం లేదు. అయినా అదే రాశాను.

ఆ తర్వాతి నాలుగేళ్ళలో ద్రాక్షతోటలు ఒక్కొక్కటిగా కొట్టేశారు. శామీర్‌పేట అవతల పెద్దపెద్ద ల్యాబులు లేచాయి. నా గదిలోకి కొత్త మిషను వచ్చింది, కొత్త హెల్పర్లు వచ్చారు. అందరూ చెప్పినంతే నూరేవారు, తప్పుపట్టడానికేమీ ఉండేది కాదు. గ్రాఫులో ఏదైనా వింత కనిపిస్తే ఆపా అని తిరిగి చూసేదాన్ని. శనివారాలు మరీ కష్టంగా ఉండేవి. షేర్ ఆటోలు శామీర్‌పేట, శామీర్‌పేట అని అరుస్తుంటే వ్యాను కిటికీ అద్దం వేసేసుకునేదాన్ని. ఆమె కావాలనిపించేది. అంతకన్నా గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. ఆమె పక్కన కూర్చుని ఒక రొట్టె తిని, ఎవరి గురించైనా చాడీలు చెప్పుకుని నవ్వాలనిపించేది.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక వెళ్ళాను. దారిలో ఆటోలో మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాను. ఇల్లు అదే, ముందు రేకుల షెడ్డు ఒకటి కొత్తగా వేశారు. వాళ్ళమ్మ పోయిందని గుమ్మంలోనే తెలిసింది. నాకు ఎవరూ కబురు పంపలేదు, ఎందుకు పంపుతారు? ఆపా చాప వేసింది, చాయ్ పెట్టింది, మావారి ఆరోగ్యం అడిగింది. కణతల దగ్గర జుట్టు నెరిసింది. చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ వాక్యం రాసింది నేనే ఆపా, ఆ రోజు చెప్పలేకపోయాను, క్షమించు అన్నాను.

ఆమె నా గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"నాకెర్క లేదా మేడం? నూరుకుంట కూసున్నది నేను, పక్కన నిలబడి రాసుకున్నది నువ్వు."

తన సంగతి ఆమే చెప్పింది. కొత్త ల్యాబుల్లో రెండుచోట్ల ఆమెను తీసుకోవాలనుకున్నారట. పాత ఫ్యాక్టరీలో వాకబు చేస్తే, పని పాడుచేసి పోయిన మనిషని చెప్పారట. ఇప్పుడు ఇంకొకచోట అడుగుతున్నారు. నేను నా వల్లనే నా వల్లనే అని ఏడుస్తున్నాను. ఆమె లేచి వెళ్ళి ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"మాటలొద్దు మేడం. గీ కాగితం మీద రాసియ్యి."

పెన్ను తీశాను. పద్ధతి నాదని, ఆమె నేను రాసినట్టే నూరిందని, తప్పు నాదని రాయాలి. పేరూ హోదా వేసి సంతకం పెట్టాలి. అప్పుడు నేను సెక్షన్ హెడ్‌ను. ఈ కాగితంలోని సంగతి ఆ ల్యాబు నుంచి మా ఆఫీసుకు చేరడానికి ఒక ఫోను చాలు. ఆ ఆలోచన వచ్చి నా చెయ్యి ఆగింది. చాలా కొద్దిసేపే ఆగింది. అయినా ఆపా చూసింది. గ్లౌజు వేళ్ళ మధ్య, కంటికి అందని రవ్వను పట్టుకునే మనిషి, నా చెయ్యి ఆగడం ఆమెకు కనపడకుండా పోతుందా?

రాశాను. పూర్తిగా రాశాను, ఏమీ దాచలేదు. తారీఖు కూడా వెయ్యమంది, ఈ రోజుదే వెయ్యమంది. వేశాను. ఆమె గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి, ఇంగ్లీషును ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీర కింద పెట్టింది.

నేను లేచి, వెళ్ళొస్తాను ఆపా అన్నాను. మంచిది అంది. ఆ ఊళ్ళో ఎవరైనా సరే, మంచిది అన్న తర్వాత గుమ్మంలో అనే మాట ఇంకొకటుంటుంది, మళ్ళీ రా అని. ఆ మాట కోసం, చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతకు రెండింతలు చేశాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడి, నేను వేసుకునేదాకా ఓపిగ్గా చూసింది.

ఆమెకు ఆ ఉద్యోగం వచ్చిందని వ్యాను డ్రైవరు ద్వారా తెలిసింది. పర్మనెంటేనట. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు, ఎవరూ ఫోను చెయ్యలేదు. ఆ కబురు విన్నరోజు నేను సంతోషంతో ఏడ్చాను, మావారిచేత స్వీట్లు తెప్పించాను. శనివారం వస్తే ఇప్పటికీ శామీర్‌పేట ఆటో ఎక్కాలనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు ఎక్కి కూర్చుని, అది నిండేలోపల దిగిపోయాను కూడా. ఆ ఇంటికి దారి నాకు తెలుసు. రమ్మంటేనే వెళ్ళగలను.